చూపు బాగున్నప్పుడే చేయించుకోవాల్సిన పరీక్ష: షుగరు ఉన్నవారు రెటీనాను కాపాడుకోవడం ఎలా?

షుగరు ఉన్నవారిని ఎవరినైనా "కళ్లు చూపించుకున్నారా?" అని అడగండి. "మొన్ననే చూపించుకున్నాను, నంబరు మారలేదన్నారు" అంటారు. షుగరు బయటపడిన మొదటి ఆరేళ్లూ నేనూ ఇదే జవాబు చెప్పాను. గోడమీది అక్షరాలను చివరి వరుస దాకా గడగడా చదివేసి, కొత్త కళ్లద్దాలు పెట్టుకుని దర్జాగా ఇంటికి వచ్చేవాణ్ని. ఏడో ఏట ఒక డాక్టరు కంట్లో చుక్కలు వేసి, అరగంట కూర్చోబెట్టి, లోపలికి వెలుగు వేసి చూశారు. "కుడి కన్ను వెనకాల రెండు మూడు చోట్ల రక్తపు మచ్చలు ఉన్నాయి. ఇదివరకు ఎప్పుడు చూపించుకున్నారు?" అని అడిగారు. మొన్ననే అనబోయి ఆగిపోయాను. ఆ రోజు కూడా నేను చివరి వరుస తడబడకుండా చదివినవాణ్నే.

నేను ఆరేళ్లు చేయించుకున్న పరీక్ష వేరు, చేయించుకోవాల్సిన పరీక్ష వేరు. ఆ రెండోదాన్ని ఎప్పుడు, ఎలా చేయించుకోవాలో, దాని ఫలితంతో ఏం చేయాలో ఇక్కడ వరుసగా చెబుతాను.

ముందు తేల్చుకోండి: ఇంతవరకు మీకు జరిగింది ఏ పరీక్ష?

కళ్లద్దాల నంబరు చూసేటప్పుడు వాళ్లు తెలుసుకునేది ఒక్కటే: వెలుతురు కంట్లోకి వెళ్లి సరైన చోట పడుతోందా లేదా అని. షుగరు దెబ్బతీసేది ఆ వెలుతురు వెళ్లి పడే తెరను. దాని పేరు రెటీనా. కంటి లోపలి గోడకు అతుక్కుని, సుమారు పావు మిల్లీమీటరు మందంతో ఉండే పొర అది. కంటిపాపలోంచి లోపలికి తొంగి చూస్తే తప్ప కనిపించదు.

ఒకసారి గుర్తుచేసుకోండి. కంట్లో చురుక్కుమనే చుక్కలు వేసి, కళ్లు మూసుకుని కూర్చోమన్నారా? బయటికి వచ్చాక ఎండ భరించలేనంతగా అనిపించిందా? ఫోనులో అక్షరాలు కొన్ని గంటలపాటు అలుక్కుపోయాయా? అయితే చూసింది రెటీనానే. చుక్కలు లేకుండానే రెటీనాను ఫొటో తీసే కెమెరాలు ఇప్పుడు ఉన్నాయి కాబట్టి, చుక్కలు వేయనంత మాత్రాన పరీక్ష జరగలేదని అనుకోనక్కర్లేదు. గడ్డం ఒక పట్టీ మీద ఆనించమని, కళ్ల ముందు ఫ్లాష్ మెరిపించి, తర్వాత తెరమీద నారింజ రంగులో గుండ్రటి బొమ్మ చూపించారంటే అది కూడా రెటీనా పరీక్షే. ఇంకా అనుమానం తీరకపోతే పాత కాగితాలు బయటికి తీయండి. 'ఫండస్' అనో 'రెటీనా' అనో ఎక్కడైనా రాసి ఉందా? ప్లస్సులు, మైనస్సులు తప్ప ఇంకేమీ లేకపోతే మీ రెటీనాను ఇంతవరకు ఎవరూ చూడలేదనే లెక్క వేసుకోండి.

చూపు బాగుంటే లోపల బాగున్నట్టు కాదా?

కాదు. ఎందుకో తెలిస్తే మిగతా సలహాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

చదవడానికి, ముఖాలు గుర్తుపట్టడానికి మనం వాడుకునేది రెటీనా నట్టనడుమ ఉన్న చిన్న భాగాన్ని. దాన్ని మాక్యులా అంటారు. చుట్టూ ఉన్న రెటీనాలో రక్తనాళాలు ఎంత పాడవుతున్నా, ఆ జబ్బు మాక్యులా జోలికి రానంతవరకు చివరి వరుస అక్షరాలు చదివేస్తూనే ఉంటాం. పైగా మనకు ఉన్నవి రెండు కళ్లు. ఒకటి మందగిస్తే రెండోది ఆ పని కూడా నెత్తిన వేసుకుంటుంది, మనకు మాటమాత్రంగానైనా చెప్పదు. నొప్పి అసలే ఉండదు. రెటీనాకు నొప్పి తెలియదు.

లోపల జరిగేది ఇది. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే రెటీనాలోని సన్నటి రక్తనాళాల గోడలు బలహీనపడతాయి. గోడకు ఆసరాగా ఉండే కణాలు చచ్చిపోతాయి. ఆసరా పోయినచోట గోడ సూదిమొన అంత బుడగలా ఉబ్బుతుంది. డాక్టరుకు మొట్టమొదట కనిపించే గుర్తు సాధారణంగా ఈ బుడగే. తర్వాత నాళాలు కారడం మొదలవుతుంది. రక్తం కారినచోట ఎర్రటి మచ్చలు, కొవ్వుతో కూడిన ద్రవం పేరుకున్నచోట పసుపు మచ్చలు ఏర్పడతాయి. ఆ తేమ మాక్యులాలో చేరితే అది ఉబ్బి చూపు మసకబారుతుంది. ఇంకోపక్క కొన్ని నాళాలు పూర్తిగా పూడుకుపోతాయి. రక్తం అందని రెటీనా, కొత్త నాళాలను పుట్టించే రసాయనాన్ని విడుదల చేస్తుంది. శరీరం తనను తాను బాగుచేసుకుంటోందని సంతోషపడాల్సిన పని లేదు. అవి ఉండకూడని చోట పుట్టే నాసిరకం నాళాలు, ఊరికే తెగిపోతాయి. తెగినప్పుడు కంటిని నింపి ఉండే జెల్లీలోకి రక్తం చిమ్ముతుంది. వాటి వెంట పెరిగే మచ్చ కణజాలం ముడుచుకుంటూ రెటీనాను గోడ నుంచి లాగేస్తుంది.

ఈ మొత్తానికి పేరు డయాబెటిక్ రెటినోపతీ. ప్రపంచవ్యాప్తంగా చూస్తే షుగరు ఉన్నవారిలో సుమారు మూడో వంతు మందికి ఇది ఎంతోకొంత ఉంటుంది. షుగరు ఎన్నేళ్లుగా ఉందన్నది దీన్ని నిర్ణయించే పెద్ద లెక్క. క్రమశిక్షణ ఉన్న మనిషికి కూడా ఏళ్లు గడిచేకొద్దీ రావచ్చు. అందుకని పరీక్షకు వెళ్లడమంటే తప్పు ఒప్పుకోవడానికి వెళ్లడమేమో అన్నట్టు ముడుచుకుపోకండి. చాలామంది వెనకాడేది చుక్కల మందుకు భయపడి కాదనీ, "షుగరు ఎందుకు తగ్గించుకోలేదు?" అని డాక్టరు గద్దిస్తారేమోననీ నా అనుమానం.

మొదటి పని: తేదీ వేసుకోండి

టైప్ 2 షుగరు అయితే జబ్బు బయటపడిన వెంటనే మొదటి రెటీనా పరీక్ష చేయించుకోవాలి. "నిన్నగాక మొన్న వచ్చిన షుగరుకు అప్పుడే కళ్లేమిటి?" అనిపించవచ్చు. బయటపడింది నిన్న. లోలోపల ఎన్నేళ్లుగా ఉందో చెప్పలేం. షుగరు ఉందని తెలిసేనాటికే రెటీనాలో మచ్చలు ఉన్నవారు ఉంటారు.

టైప్ 1 ఎప్పుడు మొదలైందో దాదాపు తెలిసిపోతుంది కాబట్టి ఐదేళ్ల లోపు మొదటి పరీక్ష చేయించుకుంటే చాలు. ఆ తర్వాత ఏ రకమైనా ఏడాదికి ఒకసారి తప్పనిసరి. రెటీనా శుభ్రంగా ఉండి, షుగరు కూడా అదుపులో ఉంటే "రెండేళ్లకు రండి" అని డాక్టరు అనవచ్చు. ఆ సడలింపు డాక్టరు ఇవ్వాలి, మనకు మనం ఇచ్చుకునేది కాదు.

ముందునుంచే షుగరు ఉన్న స్త్రీలు గర్భం దాల్చాలనుకుంటే అంతకుముందే రెటీనా చూపించుకోవాలి. కుదరకపోతే మొదటి మూడు నెలల్లో చూపించుకోవాలి. గర్భంతో ఉన్నప్పుడు రెటినోపతీ వేగంగా ముదరవచ్చు. అందుకే ఆ నెలల్లోనూ, కాన్పు తర్వాత ఏడాది వరకూ డాక్టరు చెప్పినన్ని సార్లు వెళ్లాలి. గర్భంతో ఉన్నప్పుడు మాత్రమే వచ్చి, కాన్పుతో పోయే షుగరుకు మామూలుగా ఈ పరీక్షలు అక్కర్లేదు.

తేదీని గుర్తుపెట్టుకోవడానికి మీ పుట్టినరోజు ఉన్న నెలకు ముడిపెట్టుకోండి. లేదా నవంబరు 14కు. ఇన్సులిన్‌ను కనుగొన్నవారిలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజు అది, ప్రపంచ మధుమేహ దినంగా పాటిస్తారు. "తీరిక చూసుకుని వెళ్దాం" అనుకునే పరీక్ష మాత్రం జరగదు. నా ఆరేళ్లు అలాగే గడిచాయి.

రెండో పని: వెళ్లే ముందు ఒక కాగితం సిద్ధం చేసుకోండి

కంటి డాక్టరుకు మీ కన్ను కనిపిస్తుంది, షుగరు చరిత్ర కనిపించదు. ఒకే కాగితం మీద ఇవి రాసుకెళ్లండి: షుగరు ఏ సంవత్సరంలో బయటపడింది, చివరి హెచ్‌బీఏ1సీ ఎంత (గత మూడు నెలల సగటు షుగరును చెప్పే రక్తపరీక్ష ఇది), మామూలుగా మీ బీపీ ఎంత ఉంటుంది, మూత్రపిండాల పరీక్షలో ఏం వచ్చింది, రక్తహీనత ఉందా. ఇప్పుడు వాడుతున్న మందులన్నీ రాయండి. పయోగ్లిటజోన్ అనే షుగరు మాత్ర వాడుతుంటే తప్పక చెప్పండి, అది ఒంట్లో నీరు నిలుపుతుంది కాబట్టి కొందరిలో మాక్యులా వాపును పెంచవచ్చు. ఇన్సులిన్ గానీ సెమాగ్లూటైడ్ అనే షుగరు మందు గానీ ఈమధ్యే మొదలుపెట్టి, షుగరు ఉన్నట్టుండి బాగా తగ్గి ఉంటే అది కూడా రాయండి. ఎందుకో తర్వాత చెబుతాను.

పరగడుపున వెళ్లనక్కర్లేదు. భోజనం, షుగరు మందులు ఎప్పటిలాగే. వెయిటింగు గదిలో రెండు మూడు గంటలు పట్టవచ్చు కాబట్టి, షుగరు పడిపోయే అలవాటు ఉన్నవారు దగ్గర ఏదైనా తీపి ఉంచుకోవాలి. వాడుతున్న కళ్లద్దాలు, ఒక జత నల్లద్దాలు తీసుకెళ్లండి. కాంటాక్ట్ లెన్సులు ఉంటే తీసి పెట్టుకోవడానికి డబ్బీ కూడా ఉండాలి. తిరుగు ప్రయాణంలో వాహనం నడపకూడదు. ఈ ఒక్క విషయంలో మొండితనం వద్దు. ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్లండి.

ఇంకో మాట. షుగరు బాగా పెరిగి ఉన్న రోజుల్లో, లేదా చికిత్స మొదలై వేగంగా తగ్గుతున్న రోజుల్లో, కంటిలోని లెన్సు నీరు పీల్చుకుని వదులుతూ ఉంటుంది. దాంతో కళ్లద్దాల నంబరు వారానికోలా మారుతుంది. అప్పుడు కొత్త అద్దాలు చేయించుకుంటే డబ్బు దండగ, కొన్ని వారాలు షుగరు కుదురుకున్నాక చేయించుకోండి. రెటీనా పరీక్షను మాత్రం ఆ వంకతో వాయిదా వేయకండి.

మూడో పని: పరీక్ష గదిలో ఏం జరుగుతుందో తెలుసుకుని కూర్చోండి

ముందు చూపు, కంటి లోపలి ఒత్తిడి చూస్తారు. నీటికాసులు (గ్లాకోమా) ఉన్నా, చుక్కలతో ఇదివరకు ఎప్పుడైనా ఇబ్బంది వచ్చినా ఆ చుక్కలు పడకముందే చెప్పాలి. తర్వాత చుక్కల మందు వేస్తారు. పది సెకన్లపాటు సబ్బు నురగ పడ్డట్టు మండి, చల్లబడుతుంది. ఇరవై నిమిషాలు, అరగంటలో కంటిపాప పూర్తిగా విప్పుకుంటుంది. షుగరు ఎన్నో ఏళ్లుగా ఉన్నవారిలో కంటిపాప మొండికేయడం మామూలే, రెండోసారి మూడోసారి చుక్కలు వేస్తే కంగారుపడకండి.

లోపలికి పిలిచాక గడ్డం ఒక పట్టీ మీద, నుదురు ఇంకోదాని మీద ఆనించమంటారు. డాక్టరు చేతిలోని చిన్న గాజు కటకాన్ని మీ కంటికి దగ్గరగా పట్టుకుని, దాని గుండా వెలుగు పంపుతారు. పైకి, కిందికి, కుడికి, ఎడమకు చూడమంటారు. కన్నార్పాలని ప్రాణం గిలగిల్లాడుతుంది. సరిగ్గా ఆ క్షణంలో ఒక వింత జరగవచ్చు. వెలుగు కాస్త పక్కకు జరిగినప్పుడు ఎండిన చెట్టు కొమ్మల్లాంటి నల్లటి నీడలు కళ్ల ముందు ఒక్క లిప్తపాటు మెరిసి మాయమవుతాయి. నాకు మొదటిసారి కనిపించినప్పుడు కంట్లో ఏదో పగిలిందని హడలిపోయాను. అవి నా రెటీనా మీది రక్తనాళాల నీడలే. డాక్టరు వెతుకుతున్న నాళాల్నే నేనూ చూస్తున్నానన్నమాట.

1851లో హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్స్ ఆఫ్తాల్మోస్కోపును లోకానికి పరిచయం చేసేదాకా బతికున్న మనిషి రెటీనాను డాక్టర్లు ఇంత వివరంగా చూడగలిగింది లేదు. ఒళ్లంతటిలో కోత లేకుండా రక్తనాళాలను ఇంత నేరుగా చూడగలిగిన చోట్లు చాలా అరుదు. ఇప్పుడైతే ఫొటో చూసి మచ్చలున్నాయో లేదో తనంతట తానే తేల్చే కృత్రిమ మేధ యంత్రానికి కూడా 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. మీకు యంత్రమే పరీక్ష చేసినా ఫర్వాలేదు. "డాక్టరుకు చూపించండి" అని అది చెబితే వెళ్లి చూపించుకోవడమే ముఖ్యం.

అవసరమైతే ఇంకో రెండు పరీక్షలు రాస్తారు. ఓసీటీ అనేది మాక్యులాను పొరలు పొరలుగా చూపించే స్కాన్, సూది ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. యాంజియోగ్రామ్ అంటే చేతి నరంలోకి పసుపు రంగు మందు ఎక్కించి నాళాలను ఫొటోలు తీయడం. ఆ తర్వాత చర్మం కొన్ని గంటలు పచ్చబడుతుంది, మూత్రం ఒక రోజు ముదురు పసుపులో వస్తుంది. ఈ సంగతి ముందే చెప్పని చోట్ల మనుషులు ఆ రాత్రి కామెర్లు వచ్చాయని బెంబేలెత్తిపోతుంటారు.

నాలుగో పని: మూడు జవాబులు తెలుసుకోనిదే లేవకండి

"పర్వాలేదు, షుగరు జాగ్రత్త" అన్న మాటతో సరిపెట్టుకుని బయటికి రావద్దు. అడగాల్సినవి మూడే. రెటినోపతీ ఉందా, ఉంటే ఏ కంట్లో ఏ దశలో ఉంది? మాక్యులాలో వాపు ఉందా? మళ్లీ ఎన్ని నెలలకు రావాలి?

మొదటి రెండు ప్రశ్నలు వేర్వేరని గమనించండి. రెటినోపతీ తేలిక దశలో ఉన్నా మాక్యులా ఉబ్బి ఉండవచ్చు, ముదిరిపోయినా మాక్యులా పొడిగా ఉండవచ్చు.

కాగితం మీద ఓడీ అంటే కుడి కన్ను, ఓఎస్ అంటే ఎడమ కన్ను. ఎన్‌పీడీఆర్ అని ఉంటే నాసిరకం కొత్త నాళాలు ఇంకా పుట్టలేదని అర్థం. దాని పక్కన తేలిక, మధ్యస్థం, తీవ్రం అన్న మూడింటిలో ఒకటి రాస్తారు. ముందున్న 'ఎన్' పోయి పీడీఆర్ అని మాత్రమే ఉంటే ఆ నాళాలు పుట్టేశాయని అర్థం. ఒక్క అక్షరమే తేడా, కానీ ఆ అక్షరం పోయిందంటే వారాలు లెక్కపెట్టుకోవాల్సిన సమయం వచ్చినట్టే. డీఎంఈ అంటే మాక్యులా వాపు. తేలిక దశలో సాధారణంగా ఆరు నెలలకో ఏడాదికో, మధ్యస్థంలో మూడు నుంచి ఆరు నెలలకు, తీవ్ర దశలో మూడు నెలల లోపే మళ్లీ రమ్మంటారు. మీ డాక్టరు ఇంతకంటే ముందే రమ్మంటే దానికి కారణం ఉంటుంది.

ఫలితం కాగితం ఒక ప్రతి మీ షుగరు డాక్టరుకు ఇవ్వండి. ఇద్దరు డాక్టర్లూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారని అనుకోవడం మన అమాయకత్వం. ఆ కబురు మోయాల్సింది మనమే.

ఐదో పని: ఇంట్లో ఒక్కో కంటిని విడిగా చూసుకోండి

నెలకు రెండుసార్లు, రెండు నిమిషాల పని. ఒక కాగితం మీద పది సెంటీమీటర్ల చదరం గీసి, అర సెంటీమీటరుకు ఒకటి చొప్పున అడ్డంగా, నిలువుగా గీతలు గీయండి. మధ్యలో ఒక చుక్క పెట్టండి. గోడకు అంటించి, చదువుకునే అద్దాలు పెట్టుకుని, సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో నిలబడండి. ఒక కన్ను అరచేత్తో మూసి, రెండో కంటితో చుక్కనే చూడండి. చుట్టూ గీతలు తిన్నగా ఉన్నాయా? ఎక్కడైనా వంకర తిరిగాయా, మాయమయ్యాయా, మసకగా ఉన్నాయా? తర్వాత రెండో కన్ను. రెండు కళ్లూ తెరిచి చూస్తే మాత్రం ఈ పని చేయనట్టే.

గీతలు వంకరగా కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తిన్నగా కనిపించినంత మాత్రాన ఏడాది పరీక్ష ఎగ్గొట్టకూడదు, ఎందుకంటే ఈ గీతల కాగితానికి మాక్యులా సంగతి మాత్రమే తెలుస్తుంది, అదీ అన్నిసార్లూ తెలియదు.

కొన్ని లక్షణాలకు మాత్రం తర్వాతి తేదీ దాకా ఆగకూడదు, ఆ రోజే వెళ్లాలి. నల్లటి చుక్కలు, సాలెపురుగు దారాల్లాంటివి ఉన్నట్టుండి గుంపుగా తేలడం. కంటి ముందు ఎర్రటి పొగ కమ్మినట్టు ఉండడం. చూపులో ఒక పక్కనుంచి తెర దించినట్టు చీకటి పాకడం. మెరుపులు. ఒక కన్ను ఉన్నట్టుండి కనిపించకపోవడం. ఎర్రబడి, తీవ్రంగా నొప్పిపెట్టి, చూపు తగ్గడం. రాత్రి కనిపిస్తే "పడుకుని లేస్తే తగ్గుతుందిలే" అనుకోవద్దు. జెల్లీలో చిమ్మిన రక్తం కిందికి దిగి, తర్వాత చూపు కాస్త మెరుగైనట్టు అనిపించవచ్చు కూడా. చిమ్మిన నాళం మాత్రం అక్కడే ఉంటుంది.

ఆరో పని: షుగరు, బీపీ రెండింటినీ దించండి, షుగరును మెల్లగా

షుగరు అదుపులో ఉంటే కళ్లు బాగుంటాయా అన్న ప్రశ్నకు గట్టి జవాబు 1993లో దొరికింది. టైప్ 1 ఉన్న 1,441 మందిని సగటున ఆరున్నరేళ్లు గమనించిన అధ్యయనం అది, పొట్టిపేరు డీసీసీటీ. హెచ్‌బీఏ1సీని సుమారు 7 దగ్గర ఉంచినవారిలో, 9 దగ్గర ఉన్నవారితో పోలిస్తే, కొత్తగా రెటినోపతీ వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. అధ్యయనం ముగిశాక ఇరు వర్గాల షుగరూ దాదాపు ఒకేలా అయిపోయింది. అయినా ముందు అదుపులో ఉంచుకున్నవారికి ఆ లాభం ఏళ్లపాటు నిలిచింది. నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే. పెట్టిన శ్రమ వృథా పోలేదన్నమాట.

బీపీ సంగతి చాలామందికి తెలియదు. టైప్ 2 మీద బ్రిటన్‌లో జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 1998లో వచ్చాయి. బీపీ పైఅంకెను పది పాయింట్లు, కిందిదాన్ని ఐదు పాయింట్లు తగ్గించినందుకు రెటినోపతీ ముదిరే ముప్పు 34 శాతం, చూపు క్షీణించే ముప్పు 47 శాతం తగ్గాయి. షుగరు చూసుకుంటూ బీపీ మాత్ర మానేసేవారు ఈ రెండు అంకెలూ ఎక్కడైనా రాసి పెట్టుకోవాలి.

ఇప్పుడు ఇందాక ఆపిన మాట. ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్న షుగరును ఒక్కసారిగా దించితే, అప్పటికే రెటినోపతీ ఉన్నవారిలో అది కొన్నాళ్లు ముదరవచ్చు. దీర్ఘకాలంలో దించడమే మేలు, అందులో సందేహం లేదు. కానీ గట్టి మందు మొదలుపెట్టే ముందు రెటీనా చూపించుకుని, మొదటి ఏడాది దగ్గరదగ్గరగా పరీక్షలు చేయించుకోవాలి.

గుండె కోసం ఆస్పిరిన్ వేసుకుంటున్నవారు కంట్లో రక్తం చిమ్ముతుందేమోనన్న భయంతో సొంతంగా మానేయకండి. ఆస్పిరిన్ వల్ల ఆ ముప్పు పెరగదని పెద్ద అధ్యయనంలోనే తేలింది. పొగతాగే అలవాటు ఉంటే దాని గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు.

ఏడో పని: చికిత్స అవసరమన్నారా, వాయిదా వేయకండి

"లేజరు చేయించుకున్నాక చూపు పోయిందట" అన్న మాట ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. ఆ మాట వెనక చాలాసార్లు ఒకే కథ ఉంటుంది: చూపు బాగున్నప్పుడు వద్దన్నారు, పూర్తిగా ముదిరాక వెళ్లారు. లేజరు పోయిన చూపును తెచ్చిపెట్టదు. రక్తం అందని రెటీనా అంచు భాగాలను కాల్చి, కొత్త నాళాలను పుట్టించే రసాయనాన్ని తగ్గిస్తుంది. ప్రమాదకరమైన దశలో దీన్ని చేస్తే తీవ్రంగా చూపు పోయే ముప్పు సగానికి పైగా తగ్గుతుందని 1970లలోనే రుజువైంది. చేసేటప్పుడు ఆకుపచ్చ మెరుపులు వరుసగా కొడతాయి, కొన్ని చోట్ల చురుక్కుమంటుంది. తర్వాత రాత్రిపూట చూపు, పక్కచూపు కాస్త తగ్గవచ్చు. మధ్యచూపును దక్కించుకోవడానికి ఇచ్చుకునే మూల్యం అది. ముందే తెలిసి ఉంటే చికిత్స చేసినవారిని తిట్టుకోం.

మాక్యులా వాపుకు ఇప్పుడు మొదట ఇచ్చేది చాలామందిలో కంట్లో ఇంజెక్షనే. కంట్లో సూది అన్న మాట వినగానే ఎవరికైనా గుండె జారుతుంది. కన్ను పూర్తిగా తిమ్మిరెక్కించాక, తెల్లగుడ్డు భాగంలోంచి, చుక్క అంత మందు ఎక్కిస్తారు. సూది లోపల ఉండేది కొన్ని సెకన్లే. బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్ అన్నవి ఆ మందుల్లో కొన్ని పేర్లు. మొదటిది ముందుగా క్యాన్సర్ కోసం వచ్చిన మందు. ఫోనులో పేరు వెతికి, తమకు క్యాన్సర్ ఉన్న సంగతి దాస్తున్నారని అనుకున్నవాళ్లను నేనెరుగుదును. మొదట్లో నెలకొకటి చొప్పున వరుసగా ఇస్తారు, తర్వాత దూరం పెంచుతారు. ఒకటి రెండు ఇంజెక్షన్లకే చూపు తేటపడుతుంది, చాలామంది సరిగ్గా అక్కడే మానేస్తారు. వాపు మళ్లీ వస్తుంది. ఇంజెక్షన్ తర్వాతి రోజుల్లో నొప్పి పెరుగుతూ, కన్ను ఎర్రబడుతూ, చూపు తగ్గుతూ ఉంటే లోపల చీము పట్టే ప్రమాదం ఉంది, గంటలు లెక్కపెట్టుకుని వెళ్లాలి.

రక్తం కరగకుండా నిలిచిపోయినా, రెటీనా ఊడుతున్నా విట్రెక్టమీ అనే ఆపరేషన్ చేస్తారు. లోపల గ్యాసు బుడగ పెట్టి పంపితే అది కరిగేదాకా విమానం ఎక్కకూడదు, తల ఎలా పెట్టుకోవాలో చెప్పినట్టే పెట్టుకోవాలి. శుక్లం ఆపరేషన్‌కు వెళ్తున్నవారు దానికి ముందే రెటీనా సంగతి తేల్చుకోవాలి. లేకపోతే పొర తీశాక కూడా మసక ఎందుకు పోలేదో అర్థంకాక తికమకపడతారు.

చివరి పని: ఒక చిన్న పుస్తకం పెట్టండి

కాగితాలు పోతాయి, ఫోన్లు మారతాయి. పరీక్ష జరిగిన రోజే, చూపు తేటపడ్డాక, నాలుగు వరుసలు రాసి పెట్టుకోండి. మూడేళ్ల వరుసలు పక్కపక్కన పెట్టి చూపిస్తే కొత్త డాక్టరుకు కూడా మీ జబ్బు ఎటు నడుస్తోందో క్షణంలో తెలుస్తుంది. నా పుస్తకంలో చివరగా ఉన్నది ఇలా ఉంటుంది:

"మార్చి. చుక్కలు వేసి రెండు కళ్లూ చూశారు. కుడి తేలిక, పోయినసారిలాగే. ఎడమ లేదు. మాక్యులా రెండూ పొడి. ఏ1సీ 7.2, బీపీ 128/78. మళ్లీ సెప్టెంబరు."

కింది వరుసలో సెప్టెంబరు అని ముందే రాసేశాను. దాని పక్కన ఇంకా ఖాళీగానే ఉంది.